రాసినవారి ఉద్దేశం ఏమిటి? పాత శాసనాలు, పాత పుస్తకాలు చదివేవారికి సమగ్ర మార్గదర్శి

బాపట్ల జిల్లా చినగంజాం దగ్గర మోటుపల్లి అనే ఊరుంది. కాకతీయుల కాలంలో అది పెద్ద రేవు. అక్కడి వీరభద్రస్వామి గుడిలో ఒక రాతి స్తంభం మీద గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే 1244-45లో, వేయించిన అభయ శాసనం ఉంది. సముద్ర వ్యాపారులకు ఇచ్చిన హామీ అది. దాని సారాంశం ఇది: పూర్వపు రాజులు తుఫానుకు చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవారు. ప్రాణం కంటే ధనమే మిన్న అనుకుని సముద్రం మీద సాహసం చేసే వర్తకుల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, మేము నిర్ణీత సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నాం.

ఈ శాసనం మాట ఎక్కడ వచ్చినా వెంటనే రెండు పార్టీలు తయారవుతాయి. "ఎంత దయగల రాజో చూడండి" అంటుంది ఒకటి. "దయా లేదు, పాడూ లేదు, రేవుకు ఓడలు రావాలి, సుంకం రావాలి, అంతే" అంటుంది రెండోది. పైకి బద్ధ విరోధుల్లా కనిపిస్తారు గానీ ఇద్దరూ చేస్తున్న పని ఒకటే: ఏడున్నర శతాబ్దాల కిందట పోయిన మనిషి గుండెలోకి తొంగి చూడడం. అది ఎవరివల్లా అయ్యే పని కాదు. ఆ మాటలు రాతి మీద చెక్కించడం ద్వారా ఆయన ఏ పని చేస్తున్నాడో మాత్రం చాలావరకు తేల్చవచ్చు. అది ఎలా తేల్చాలో చెప్పడానికే ఈ వ్యాసం.

సిద్ధాంతాల గొడవ ఒక పేరాలో ముగిస్తాను. రచన అర్థం తేల్చడానికి రచయిత ఉద్దేశం కొలబద్ద కాదని 1946లో ఇద్దరు అమెరికన్ విమర్శకులు వాదించారు. 1967లో రోలాఁ బార్త్ ఏకంగా రచయిత మరణాన్నే ప్రకటించాడు. 1969లో క్వెంటిన్ స్కిన్నర్ దాదాపు దీనికి ఎదురు దారి పట్టాడు: పాత రాజకీయ గ్రంథం చదివేటప్పుడు, రాసినవాడు ఆ మాటలతో ఏం చేస్తున్నాడన్నది తెలియకపోతే అసలు అర్థమే దొరకదన్నాడు. కవిత చదువుకుని ఆనందించడానికి మొదటి ఇద్దరి మాట చాలవరకు సరిపోతుంది. చరిత్ర రాయడానికి కూర్చుంటే మాత్రం నాకు స్కిన్నర్ దారే మేలనిపిస్తుంది.

1. అసలు పాఠం చేతిలో ఉండాలి

వ్యాసాల్లో, పోటీ పరీక్షల పుస్తకాల్లో కనిపించేది శాసనం కాదు, దాని గురించి ఎవరో చెప్పిన మాట. 'ఎపిగ్రాఫియా ఇండికా' సంపుటాల్లోనో, పురావస్తు శాఖ వేసిన జిల్లాల వారీ శాసన సంపుటాల్లోనో పాఠం దొరుకుతుంది. అందులో అక్షరాలు చెరిగిపోయిన చోట సంపాదకుడు ఊహించి నింపినవి కుండలీకరణాల్లో ఉంటాయి. వాటిని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. మీ వాదన అంతా ఆ నింపిన ముక్క మీదే నిలబడితే, మీరు వెతుకుతున్నది రాజు ఉద్దేశం కాదు, సంపాదకుడిది.

2. మీ ప్రశ్నకు ఉద్దేశంతో పనుందా?

ప్రతిసారీ ఉండదు. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం చూడండి. 1289 నవంబరులో పువ్వుల ముమ్మడి అనే ఆయన గుడికి భూమి దానం చేశాడు. శివలోకానికి వెళ్లిన కాకతి రుద్రమదేవికి, మల్లికార్జున నాయనికి పుణ్యం కలగాలని ఆ దానం. ఆయన చేయాలనుకున్న పని అంతే. రుద్రమదేవి ఎప్పుడు చనిపోయిందో రాబోయే తరాలకు చెప్పాలన్న ఆలోచన అందులో ఎక్కడా లేదు. కానీ ఆ తేదీ తేల్చడానికి చరిత్రకారులు పట్టుకున్న ప్రధాన ఆధారం ఆ శాసనమే.

చెప్పాలని కాకుండా మాట వరసలో దొర్లిన సంగతికి బలం ఎక్కువ. రాణి మరణం గురించి అబద్ధమాడితే ముమ్మడికి ఒరిగేదేమీ లేదు. పుణ్యం ఎవరికి ధారపోస్తున్నాడో చెప్పాలి కాబట్టి చెప్పాడు. అదే శాసనాన్ని "రుద్రమ యుద్ధభూమిలో ఎలా మరణించింది?" అని అడగండి. జవాబు రాదు. కాకతీయుల మీద తిరగబడిన సామంతుడు కాయస్థ అంబదేవుడితో జరిగిన పోరులో ఆమె, సేనాని మల్లికార్జునుడు ఇద్దరూ ఒకేసారి పడిపోయారన్నది వేరే ఆధారాలు కలిపి చరిత్రకారులు చేసిన ఊహ. బలమైన ఊహే కావచ్చు, కానీ ముమ్మడి నోట ఆ మాట పెట్టకూడదు.

కాబట్టి ముందుగా మీ ప్రశ్న ఒక వాక్యంలో రాసుకోండి. 'ఏం జరిగింది?' అయితే, రాసినవారి ఉద్దేశం మీకు జల్లెడలా పనికొస్తుంది: ఏ మాటకు వాళ్లకు లాభముంది, ఏది ఊరికే దొర్లింది అని వేరు చేస్తుంది. 'ఈ మాటలకు అర్థమేమిటి?' అయితే, ఉద్దేశమే మీ ప్రధాన ప్రశ్న అవుతుంది. కింది మెట్లన్నీ ఆ రెండో ప్రశ్న కోసం.

3. రాసినవారు ఎందరు?

శాసనానికి ఒక్క రచయిత ఉండడు. ఇవ్వమన్న రాజు ఒకరు, శ్లోకాలు కట్టిన పండితుడు ఒకరు, సుంకాల లెక్క చెప్పిన అధికారి మరొకరు, రాతి మీద చెక్కిన శిల్పి ఇంకొకరు. వంశస్తుతిలో కనబడే గర్వం పండితుడి కవితాశక్తి కావచ్చు. సుంకాల పట్టీలో కనబడే జాగ్రత్త అధికారిది కావచ్చు. అందుకని "గణపతిదేవుడు అనుకున్నాడు" అని రాసే ముందు, ఆ మాట ఈ నలుగురిలో ఎవరికి అంటగట్టవచ్చో చూసుకోవాలి. తేలకపోతే "శాసనం చెబుతోంది" అని రాయండి. అందులో నామోషీ ఏమీ లేదు.

కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు రాసిపెట్టిన పాత రికార్డుల దగ్గర ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, వారి సహాయకులు ఊరూరా తిరిగి స్థానిక చరిత్రలు సేకరించారు. చెప్పింది చాలాచోట్ల ఊరి కరణాలు, పూజారులు, పెద్దలు. అడుగుతున్నది కొత్తగా వచ్చిన కంపెనీ సర్కారు తరఫు మనుషులు. మాన్యాలు, ఇనాములు ఉంటాయా ఊడతాయా అని టెన్షన్ పడుతున్న రోజులవి. అలాంటప్పుడు "మా గుడికి ఫలానా రాయలవారు ఇంత భూమి ఇచ్చారు" అన్న మాట చరిత్ర కథనమే కాదు, ఒక హక్కుపత్రం లాంటిది కూడా. అది అబద్ధమని కాదు. ఎందుకు చెబుతున్నారో తెలిస్తే ఎక్కడ గట్టిగా నమ్మాలో, ఎక్కడ ఆచితూచి అడుగెయ్యాలో తెలుస్తుంది. కైఫీయతు చదివేటప్పుడు జవాబు పక్కనే, వినబడని ఆ ప్రశ్న కూడా రాసుకుంటూ పోండి. సగం పని అక్కడే అయిపోతుంది.

4. తామే చెప్పుకున్న ఉద్దేశాన్ని ఉన్నదున్నట్టు రాసుకోండి

వ్యాఖ్యానం ఇంకా వద్దు. మోటుపల్లి శాసనం తన కారణాలు తానే చెబుతోంది: దయ, కీర్తి, ధర్మం. మూడూ రాసుకోండి. రాబడి మాట కారణాల్లో లేదు, అదీ రాసుకోండి. కానీ 'నిర్ణీత సుంకం తప్ప' అన్న మాట దయ గురించి చెప్పిన వాక్యంలోనే ఉంది. ఓడ పగిలినవాడి సరుకు లాక్కోరు, సుంకం మాత్రం మానరు. ఎగుమతి, దిగుమతులకు ముప్ఫైలో ఒక వంతు అని లెక్క కూడా అక్కడే ఉంది, అంటే నూటికి మూడు పైచిలుకు. దయ పార్టీ వాళ్లు ఈ ముక్క చదవరు, సుంకం పార్టీ వాళ్లు ఇదొక్కటే చదువుతారు.

ముందుమాటలు ఉన్న పుస్తకాలతో ఇంకో రకం జాగ్రత్త కావాలి. 'కన్యాశుల్కం' నాటకం 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. దానికి గురజాడ ఇంగ్లీషులో ముందుమాట రాశారు. సంఘసంస్కరణకు తోడ్పడడం, తెలుగు రంగస్థలానికి పనికిరాదన్న అపోహను తిప్పికొట్టడం తన లక్ష్యాలని అందులో చెప్పారు. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో చేయించిన లెక్క కూడా ఇచ్చారు: మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో 1034 శుల్క వివాహాలు, వాటిలో అయిదేళ్ల వయసు పిల్లలు 99 మంది, ఏడాది నిండిన పసిగుడ్లు ముగ్గురు. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి ఎవరూ ఇష్టపడరు గనుక ఈ లెక్క పూర్తిది కాదని కూడా ఆయనే అన్నారు.

ఇంత స్పష్టంగా చెప్పాక ఇంక వెతకడానికేముంది అనిపిస్తుంది. ఉంది. ముందుమాట నాటకం పూర్తయ్యాక రాసినది. తెలుగు నాటకానికి ఇంగ్లీషులో రాసినది, అంటే ఇంగ్లీషు చదివే సంస్కరణవాదుల వైపు, పోషకుడైన మహారాజు వైపు తిరిగి మాట్లాడుతున్నది. గురజాడ అబద్ధం చెప్పారని ఎవరూ అనరు. కానీ ముందుమాట ఒక సాక్షి వాంగ్మూలం, తీర్పు కాదు.

నాటకంలోకి వస్తే గిరీశం ఉన్నాడు. విధవా వివాహం మంచిదని బుచ్చమ్మకు ఉపన్యాసాలిస్తాడు. గురజాడ కూడా ఆ సంస్కరణ పక్షమే. అయినా గిరీశం మాటలు గురజాడ అభిప్రాయంగా ఉదహరిస్తే నాటకం మొత్తం బోర్లాపడుతుంది. తాను ఒప్పుకునే మాటనే ఒక టక్కరి నోట పలికించి, ఆ మాట వాడు దేనికి వాడుకుంటున్నాడో చూపించడమే రచయిత అక్కడ చేస్తున్న పని. ముందుమాట ఒక్కటే చదివితే ఈ సంగతి తెలియదు. పాత్ర మాటకు, రచయిత మాటకు మధ్య గీత గీసుకోకుండా పాత నాటకాలనుంచి, కావ్యాలనుంచి 'ఆనాటి అభిప్రాయాలు' ఏరుకోవద్దు.

5. ఏ ఏటి ఉద్దేశం?

అదే నాటకం 1909లో రెండో కూర్పుగా వచ్చింది. చాలా పెరిగింది, చాలా మారింది, మధురవాణి పాత్ర బాగా విస్తరించింది. మనం ఇప్పుడు చదివేది దాదాపుగా ఈ రెండో కూర్పునే. మరి 1897 ముందుమాటలో చెప్పిన లక్ష్యంతో 1909 మధురవాణిని వివరించడం కుదురుతుందా? కొంతవరకే. మధ్యలో వ్యావహారిక భాష గొడవ వచ్చింది, గురజాడ వయసూ మారింది. కూర్పులు ఒకటికి మించి ఉన్న ఏ పుస్తకానికైనా, మీరు చెప్పే ఉద్దేశం పక్కన సంవత్సరం వెయ్యండి.

6. అదే రకం రాతలు పక్కన పెట్టి చూడండి

ఈ మెట్టు ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. తప్పులు కూడా ఇక్కడే ఎక్కువ పుడతాయి.

దాన శాసనాల చివర ఒక శ్లోకం తరచు కనిపిస్తుంది: తానిచ్చినదైనా, ఒకరిచ్చినదైనా, దానభూమిని హరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడు. ఒకే శాసనం చదివినవాడు "ఈ దాతకు తన భూమి పోతుందన్న భయం ఎంతగా ఉందో" అని రాసేస్తాడు. నలభై శాసనాలు చదివినవాడు అలా రాయడు. అది ఊరూరా వాడిన శ్లోకం, నేటి దస్తావేజుల్లో 'నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతం లేకుండా' అన్నట్టు. దానివల్ల ఆ దాత మనసు తెలియదు గానీ, ఆ కాలానికి ఆ భయం మామూలని తెలుస్తుంది.

అందుకని మీ పాఠంలో ప్రతి వాక్యాన్నీ రెండుగా విడదీయండి: అందరూ రాసేది, ఇక్కడ మాత్రమే ఉన్నది. మోటుపల్లిలో వంశస్తుతి మొదటి రకం. పగిలిన ఓడల సరుకు మీద హామీ రెండో రకం. చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పగడాలు, మిరియాలు అంటూ వస్తువుల వారీగా సుంకాలు చెప్పడం కూడా రెండో రకమే. ఉద్దేశం కోసం ముందు ఇక్కడ తవ్వాలి.

వినేవాళ్లెవరో కూడా ఈ విభజనే చెబుతుంది. గొప్ప వంశంలో పుట్టిన రాజని సంస్కృత శ్లోకాల్లో చెప్పడం సాటి రాజులకు, పండితులకు, రాబోయే పాలకులకు. కర్పూరానికి ఎంత, మిరియాలకు ఎంత అన్నది రేవులో దిగిన వర్తకుడికి, వాడినుంచి వసూలు చేసే అధికారికి. ఆ అధికారి ఎక్కువ అడిగితే వర్తకుడు వేలెత్తి చూపించడానికి రాయి అక్కడే ఉంది.

ఇంకో పోలిక కూడా చూడాలి. 1323లో కాకతీయ రాజ్యం కూలింది. 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ అభయ శాసనం ఇచ్చాడు, ఈసారి తమిళంలో కూడా. ఇచ్చిన హామీ శాశ్వతమైతే మళ్లీ ఇవ్వాల్సిన పనేముంది? హామీ ఇచ్చిన ప్రభువుతోనే పోతుందని వర్తకులు అనుకునేవారని, కొత్త ప్రభువు కొత్తగా మాట ఇస్తేనే ఓడలు వచ్చేవని అనుకోవడానికి ఇది మంచి ఆధారం.

7. మీమాంసకుల ఆరు గుర్తులు

తాత్పర్యం తేల్చడానికి మన మీమాంసకులు (వేదవాక్యాలకు అర్థం చెప్పే శాస్త్రం వారు), వేదాంతులు ఆరు గుర్తులు చెప్పారు: ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. వేదానికి కర్తే లేడన్నది మీమాంసకుల సిద్ధాంతం. కర్త లేని గ్రంథానికి కూడా తాత్పర్యం వెతికిన ఘనులు వీళ్లు, కాబట్టి రాసినవాడి గుండెలో కాకుండా రాతలోనే ఉద్దేశాన్ని ఎలా పట్టుకోవాలో వీళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మొదలు, ముగింపు కలిసి దేని వైపు చూపిస్తున్నాయి? ఏ మాట పదేపదే వస్తోంది? ఇవి తేలికే. అపూర్వత అంటే వేరేచోట దొరకని విషయం, దాన్ని పైన చూశాం. ఫలం అంటే ఈ మాటవల్ల ఎవరికి ఏం దక్కుతుంది అన్నది: వర్తకుడికి సరుకు, రాజుకు సుంకం, కీర్తి, పుణ్యం.

అసలు పనితనం అర్థవాదం దగ్గరుంది. అర్థవాదం అంటే చెప్పదలచుకున్న విధిని పొగడడానికో, దానికి విరుద్ధమైనదాన్ని తెగడడానికో వాడే మాట. నింద నిందించడం కోసం కాదు, విధించినదాన్ని పొగడడం కోసమే అని మీమాంసకులు ఒక సూత్రంగా చెబుతారు. ఇప్పుడు "పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారు" అన్న వాక్యం మళ్లీ చదవండి. దాని పని పాత రాజుల చరిత్ర చెప్పడం కాదు, కొత్త హామీ విలువ పెంచడం. కాబట్టి ఈ ఒక్క వాక్యం పట్టుకుని "గణపతిదేవుడికి ముందు తీరంలో దోపిడీ రాజ్యమేలింది" అని రాయకూడదు.

అలాగని కల్పన అని కొట్టిపారెయ్యనూ కూడదు. అందుకే ఆరో గుర్తు ఉపపత్తి, అంటే ఇతర ప్రమాణాలతో పొసగడం. రాణి (రుద్రమదేవి అని చరిత్రకారుల భావన) ఏలుబడిలో ఉన్న ముత్‌ఫిలి, అంటే మోటుపల్లి, రాజ్యం గురించి రాసిన మార్కో పోలో, మలబారు తీరం గురించి ఒక సంగతి చెప్పాడు: వేరే రేవుకు బయల్దేరిన ఓడ తమ దగ్గరికి చేరితే అక్కడివాళ్లు సరుకు దోచుకుంటారట, 'నువ్వు వేరేచోటికి పోతుంటే దేవుడే మా దగ్గరికి పంపాడు' అంటారట. పడమటి తీరంలో, దాదాపు ఆ కాలంలోనే, అలాంటి ఆచారం ఉందని బయటివాడు చెబుతున్నాడు. కాబట్టి మోటుపల్లి వాక్యం ఊహించరానిదేమీ కాదు. కానీ ఇది పడమటి తీరం మాట. తూర్పు తీరానికి వర్తించేది సంభావ్యత వరకే.

8. మూడు గడులు గీయండి

ఉద్దేశం, ప్రేరణ, ఫలితం. ఉద్దేశం అంటే మాటతో చేస్తున్న పని: బహిరంగంగా హామీ ఇవ్వడం, ఆ హామీకి రేటు కట్టడం, పాత రాజులకంటే మెరుగని చాటుకోవడం. ఇది పాఠంనుంచే తేలుతుంది. ప్రేరణ అంటే ఆ పని ఎందుకు చేశాడన్నది: దయో, రాబడో, రెండూనో. ఈ గడిలో ఎప్పుడూ పెన్సిల్‌తోనే రాయాలి. ఫలితం అంటే ఆ తర్వాత ఏమైందన్నది. ఓడలు పెరిగాయా అన్నది వేరే ఆధారాలు చెప్పాలి, శాసనం చెప్పలేదు. మొదట్లో చెప్పిన రెండు పార్టీల తగవంతా నడిమి గడిలోనే నడుస్తోంది. మొదటి గడిలో రాసినదానితో ఇద్దరికీ పేచీ ఉండదు.

9. రాసేటప్పుడు క్రియాపదం చూసుకోండి

'ప్రకటించాడు', 'హామీ ఇచ్చాడు', 'చెప్పుకున్నాడు' అన్నవి పాఠం భరించే క్రియలు. 'కోరుకున్నాడు', 'తపించాడు', 'చలించిపోయాడు' అన్నవి భరించనివి. మొదటి రకంతో మోటుపల్లి గురించి ఒక పేరా ఇలా రాయవచ్చు:

"1244-45లో గణపతిదేవుడి శాసనం, తుఫానుకు చిక్కిన ఓడల సరుకును స్వాధీనం చేసుకోబోమని, ముప్ఫైలో ఒక వంతు సుంకం మాత్రం తీసుకుంటామని వర్తకులకు బహిరంగంగా హామీ ఇచ్చింది. ఈ హామీ కొత్తదని చెప్పుకోవడానికి పూర్వ రాజుల ఆచారాన్ని నిందించింది. ఆ ఆచారం నిజంగా ఉండే అవకాశాన్ని సమకాలీన విదేశీ కథనం బలపరుస్తోంది. దయ, కీర్తి, ధర్మం తన కారణాలని శాసనం చెబుతోంది. సుంకాల వివరాలు అక్కడే ఉండడంవల్ల రేవు రాబడి కూడా లెక్కలో ఉందనుకోవచ్చు."

ఇందులో ప్రతి వాక్యం పక్కన, దాన్ని పడగొట్టగల ఆధారం ఏమై ఉండవచ్చో రాసిపెట్టుకోండి. ఉదాహరణకు, గణపతిదేవుడికి ముందు ఆ తీరాన్ని ఏలిన వెలనాటి ప్రభువుల శాసనం ఏదైనా బయటపడి, అందులోనూ పగిలిన ఓడల సరుకుకు రక్షణ మాట ఉంటే, రెండో వాక్యం కొట్టేసి మళ్లీ రాయాలి.